టెక్ సందేహాలు: బల్బు మార్చినా వెలగని పికప్ వెనక లైటు

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నల మధ్య ఈసారి పికప్ ట్రక్కుల వెనక లైట్ల గురించి వరసగా అడిగారు. బండ్లు వేరు, లక్షణాలు వేరు, కానీ చాలావాటికి మూలం ఒక్కచోటే ఉంది. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. మనం ఆగుతున్నామని వెనక వచ్చే బండికి చెప్పేది ఆ ఎర్ర లైటే. ‘తర్వాత చూద్దాంలే’ అనుకునే పనుల్లో దీన్ని చేర్చకండి.

ప్రశ్న: నా పికప్‌లో బ్రేక్ నొక్కితే ఎడమవైపు లైటు మసకగా వెలుగుతోంది. పార్కింగ్ లైట్లు వేయకపోయినా, బ్రేక్ మీద కాలు పెట్టగానే డ్యాష్‌బోర్డులో కూడా కొద్దిగా వెలుతురు వస్తోంది. ఎడమ ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా దాంతోపాటు కొట్టుకుంటోంది. బల్బులు మార్చి చూశాను. మీటర్ పెడితే హోల్డర్‌లో 12 వోల్టులు చూపిస్తోంది. మరి లోపం ఎక్కడుంది?

జవాబు: ఎర్త్‌లో ఉందండి. బల్బుకి కరెంటు బాగానే వస్తోంది, తిరిగి వెళ్ళడానికే దారి లేదు. మీరు చెప్పిన మూడు లక్షణాలూ కలిసి కనిపించాయంటే నేను ఇంకేదీ విప్పకముందే ఆ ఎర్త్ వైరు సంగతి చూస్తాను.

ఎందుకో చెబుతాను. వెనక లైట్లలో ఎక్కువగా వాడేది రెండు ఫిలమెంట్ల బల్బు. దాని మీద పీ21/5డబ్ల్యూ అని ఉంటుంది. అమెరికా మోడళ్ళలో ఇదే పని చేసే బల్బు నంబరు 1157. పీ21/5డబ్ల్యూలో 21 వాట్ల ఫిలమెంటు బ్రేక్‌కి, 5 వాట్లది టెయిల్ లైటుకి. బల్బు అడుగున కనిపించే రెండు చుక్కలు ఒక్కో ఫిలమెంటుకీ ప్లస్. మైనస్ మాత్రం రెండిటికీ ఉమ్మడి. బల్బు కింద ఉండే లోహపు తొడుగే ఆ మైనస్. అక్కణ్ణించి ఎర్త్ వైరు ఛాసిస్‌కి, అంటే బండి లోహపు చట్రానికి వెళ్తుంది. ఆ వైరు తెగినా, దాన్ని బిగించిన బోల్టు తుప్పు పట్టినా బ్రేక్ ఫిలమెంటు దాటి వచ్చిన కరెంటు అక్కడే ఇరుక్కుంటుంది. దాంతో పక్కనున్న 5 వాట్ల ఫిలమెంటులోకి ఎదురు దూరి, టెయిల్ లైటు వైరు పట్టుకుని కుడివైపు లైటుకి, నంబర్ ప్లేట్ లైటుకి, డ్యాష్‌బోర్డు లైట్లకి పాకి, వాటి ఎర్త్ గుండా బయటపడుతుంది. ఇన్ని ఫిలమెంట్లు దాటుకుంటూ వెళ్ళే కరెంటుతో ఏదీ పూర్తిగా వెలగదు. డ్యాష్‌బోర్డులో మీరు చూసిన వెలుతురు ఆ దొంగదారి కరెంటుదే. లైటు సెట్టులోని బల్బులన్నిటికీ ఒకటే ఎర్త్ వైరు కాబట్టి ఇండికేటర్ కరెంటు కూడా ఇలాగే టెయిల్ లైటులోకి దూరుతోంది.

ఇక మీటర్ చూపించిన 12 వోల్టుల సంగతి. మల్టీమీటర్ దాదాపు కరెంటు లాగదు. 21 వాట్ల ఫిలమెంటు 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు లాగుతుంది. తాడులో ఒక్క పోగే మిగిలినా చూడ్డానికి అది తాడులాగే వేలాడుతుంది, బరువు కట్టినప్పుడు తెలుస్తుంది దాని సత్తా. వైరూ అంతే. అందుకని బల్బు తీసేసి ఖాళీ హోల్డర్‌లో వోల్టేజీ కొలిస్తే ఆ కొలత మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. బల్బు పెట్టి, వెలిగించి, అప్పుడు కొలవాలి.

ముందు చిన్న పరీక్ష చేయండి. రెండు చివర్లా క్లిప్పులున్న ఒక వైరు తీసుకుని, ఒక క్లిప్పు లైటు ఎర్త్ తీగకి, ఇంకోటి ఛాసిస్ మీద గీకి శుభ్రం చేసిన చోట తగిలించండి. ఎవరినైనా బ్రేక్ నొక్కమనండి. లైటు ఒక్కసారిగా నిండుగా వెలిగితే రోగం దొరికినట్టే. అంకెల్లో కావాలంటే మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, బ్రేక్ నొక్కి ఉంచి, ఒక ప్రోబ్ లైటు ఎర్త్ తీగ మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. ఎర్త్ బాగుంటే 0.1 వోల్టు, మహా అయితే 0.2 దాటకూడదు. ఒక వోల్టో రెండు వోల్టులో చూపించిందంటే ఆ మేరకు మీ బల్బుకి అందట్లేదన్నమాట.

ఎర్త్ వైరు ఏదో రంగు చూసి తేల్చేయకండి. చాలా బండ్లలో నలుపు, జర్మన్ బండ్లలో గోధుమ, టయోటాల్లో తెలుపు మీద నల్ల గీత. మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ చూడండి, లేదా హోల్డర్ నుంచి వెళ్ళే వైరుని చివరిదాకా వెంబడించండి.

ఇప్పుడు రిపేరు. చాలా పికప్పుల్లో టెయిల్ గేట్ దించితే లైటు సెట్టు పక్కన రెండు బోల్టులు కనిపిస్తాయి. అవి విప్పాక లైటుని పక్కకి గుంజకుండా తిన్నగా వెనక్కి లాగండి. దానికుండే ప్లాస్టిక్ పిన్నులు బాడీలోని రంధ్రాల్లో కూర్చుని ఉంటాయి, పక్కకి లాగితే విరుగుతాయి. కనెక్టర్ ఊడదీసి లోపల చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే నీళ్ళు చేరినట్టు. అక్కడితో ఆగకండి. వైరు పైతొడుగు నున్నగా, కొత్తగానే ఉంటుంది. కనెక్టర్ దగ్గర కొంచెం ఒలిచి చూస్తే లోపలి రాగి పోగులు నల్లబడి, వేళ్ళతో నలిపితే పొడిపొడిగా రాలొచ్చు. నీరు పోగుల సందుల్లోంచి తొడుగు లోపలే పాకుతూ పోతుంది. రాగి మెరుస్తూ కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ వెళ్ళాల్సిందే. నల్లబడిన రాగికి కొత్త వైరు కలిపితే ఆ అతుకు కొద్ది రోజులకే మళ్ళీ మొరాయిస్తుంది.

కోసే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. అతుకుకి, వేడి చేస్తే ముడుచుకుని లోపల జిగురు కరిగే రకం క్రింప్ కనెక్టర్లు వాడండి, క్రింపింగ్ టూల్‌తోనే నొక్కండి. మామూలు పటకారుతో నొక్కితే పట్టు సరిగ్గా రాదు. సోల్డరింగ్ చేయొచ్చు కానీ, సోల్డర్ ఆగిపోయిన చోట వైరు బిరుసెక్కి బండి కుదుపులకి అక్కడే విరుగుతుంది, కాబట్టి ఆ భాగం కదలకుండా కట్టాలి. వైరుని పైనుంచి గుచ్చి పట్టుకునే నీలం, ఎరుపు క్లిప్ కనెక్టర్లు మాత్రం వద్దు. తొడుగుకి చిల్లు పెట్టి, నీటికి దారి వాటితో మనమే ఇచ్చినట్టవుతుంది. ఎర్త్ బోల్టు కింద పెయింటు పూర్తిగా గీకి, లోహం కనిపించాక రింగు బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు గానీ పెయింటు గానీ పూయండి. ఈ క్రమం తారుమారైతే పని మళ్ళీ మొదటికొస్తుంది.

ప్రశ్న: టెయిల్ లైట్లు వేయగానే ఫ్యూజ్ పోతోంది, అదీ ఒక్కోసారే. మెకానిక్ ఇంకా పెద్ద ఫ్యూజ్ వేద్దామంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: వేయించొద్దు. ఫ్యూజ్ ఉన్నది వైరుని కాపాడ్డానికి. పెద్దది వేస్తే షార్ట్ అలాగే ఉంటుంది, ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది. తొట్టి కింద, ఇంధన ట్యాంకు పక్కనుంచి వెళ్ళే వైరింగ్ అది.

ఒక్కోసారే వచ్చే షార్ట్‌ని పట్టుకోడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. టెయిల్ సర్క్యూట్‌లోని బల్బులన్నీ తీసేయండి. ఫ్యూజ్ తీసి, దాని రెండు కాళ్ళ స్థానంలో వైర్లతో ఒక 21 వాట్ల బల్బు తగిలించి, లైట్ల స్విచ్ వేయండి. షార్ట్ లేనప్పుడు ఆ బల్బు వెలగదు. షార్ట్ తగలగానే ధగ్గున వెలుగుతుంది. అప్పుడైనా బల్బే కరెంటుని 2 ఆంపియర్ల లోపు ఆపుతుంది కాబట్టి వైరుకి ప్రమాదం లేదు, ఫ్యూజులు తగలేసుకునే పనీ లేదు. ఇక బండి కిందకి దూరి హార్నెస్‌ని (వైర్ల కట్టని) ముందు నుంచి వెనక దాకా జానెడు జానెడు కదుపుతూ రండి. మీ చెయ్యి ఎక్కడున్నప్పుడు బల్బు మారిందో షార్ట్ అక్కడే. ఛాసిస్ అంచు మీద ఒరుసుకునే మలుపులు, స్టెప్నీ వేలాడే చోటు, సైలెన్సర్ పక్కన, ట్రైలర్ సాకెట్ లోపల ముందుగా వెతకండి. సరుకు ఎక్కించేటప్పుడు పైపో రాడ్డో లైటు వెనక్కి దూసుకెళ్ళి వైరు నలిపేయడం పికప్పుల్లో మామూలే, తొట్టి మూలలు కూడా చూడండి.

బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లలాంటి వాటిని నడిపే చిన్న కంప్యూటర్) ఉన్న కొత్త బండ్లలో ఇది పనికిరాకపోవచ్చు. షార్ట్ కనిపించగానే మాడ్యూలే ఆ లైటుకి కరెంటు ఆపేస్తుంది. అక్కడ స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చదివించడం దగ్గరి దారి.

ప్రశ్న: పాత అమెరికన్ పికప్. టెయిల్ లైట్లు, రెండు ఇండికేటర్లు, మధ్యలో పైనుండే మూడో బ్రేక్ లైటు అన్నీ పనిచేస్తున్నాయి. ఎడమ బ్రేక్ లైటు ఒక్కటే రాదు.

జవాబు: వెనకవైపు ఏమీ విప్పకండి, లోపం స్టీరింగ్ దగ్గరుంది. ఈ బండ్లలో బ్రేక్‌కీ ఇండికేటర్‌కీ ఒకటే ఫిలమెంటు. ఎడమ ఇండికేటర్ కొట్టుకుంటోందంటే ఆ ఫిలమెంటు, అక్కడిదాకా వచ్చే వైరు, ఎర్త్ మూడూ బాగున్నట్టే. మూడో లైటు వెలుగుతోంది కాబట్టి పెడల్ దగ్గరి స్విచ్, ఫ్యూజ్ కూడా బాగున్నట్టే. బ్రేక్ కరెంటు ఇండికేటర్ స్విచ్ గుండా వెనక్కి వెళ్తుంది, అందులో ఎడమవైపు కాంటాక్టు అరిగిపోయి ఉంటుంది. అమెరికాలో తేలిక ట్రక్కులకు ఆ మూడో లైటు 1994 మోడళ్ళ నుంచి తప్పనిసరి అయింది. అంతకన్నా పాత బండైతే ఈ సౌకర్యం ఉండకపోవచ్చు, అప్పుడు పెడల్ దగ్గరి స్విచ్ మీటర్‌తో చూడాలి.

ప్రశ్న: ఎల్ఈడీ బల్బులు వేశాక ఇండికేటర్ గబగబా కొట్టుకుంటోంది. రెసిస్టర్ పెట్టమంటున్నారు.

జవాబు: బల్బు మాడిపోయిందని బండి అనుకుంటోంది, ఎల్ఈడీ లాగే కరెంటు అంత తక్కువ మరి. 6 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఆగుతుంది, కానీ అది వెలిగినప్పుడల్లా 24 వాట్ల పైన వేడి పుట్టిస్తుంది. ప్లాస్టిక్‌కి, వైరింగ్‌కి తగలకుండా లోహపు రేకుకే బిగించాలి. ఫ్లాషర్ రిలే (ఇండికేటర్‌ని కొట్టుకునేలా చేసే భాగం) విడిగా ఉన్న బండైతే ఎల్ఈడీకి సరిపడే రిలే మార్చుకోవడం మేలు. నా మట్టుకు నేను పాత ఫిలమెంటు బల్బుకే ఓటేస్తాను. ఆ లైటు అద్దం, రిఫ్లెక్టర్ దానికి తగ్గట్టుగా తయారైనవి.

ప్రశ్న: ట్రైలర్ తగిలిస్తేనే లైట్లన్నీ గందరగోళమవుతున్నాయి. తీసేస్తే మళ్ళీ మామూలే.

జవాబు: మొదటి ప్రశ్నలోని రోగమే, ఈసారి ట్రైలర్ వైపు. అమెరికా తరహా నాలుగు పిన్నుల ప్లగ్గులో తెలుపు ఎర్త్, గోధుమ టెయిల్, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. బండి వైపు ప్లగ్గులో బయటికి పొడుచుకొచ్చి కనిపించే ఒకే ఒక్క పిన్ను ఆ ఎర్త్‌ది. తెల్ల వైరు తెగిపోతే ట్రైలర్ లైట్లకి మిగిలే ఎర్త్ హిచ్ బాల్ (ట్రైలర్ తగిలించే లోహపు గుండు) ఒక్కటే. దాని మీద గ్రీజు, తుప్పు, పైగా కుదుపులు. అందుకే ఆగి ఉన్నప్పుడు బాగుండి రోడ్డెక్కగానే తేడా చేస్తుంది. బండి ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి ట్రైలర్ ఫ్రేముకి క్లిప్పుల వైరు తగిలించి చూడండి. లైట్లు సర్దుకుంటే తెల్ల వైరుని ట్రైలర్ ఫ్రేముకి బిగించిన బోల్టు దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువగా తుప్పు పట్టేది అక్కడే.