డాక్టర్ సలహా: టెస్ట్ నాకే పాజిటివ్ వచ్చింది కాబట్టి నేనే తెచ్చానంటున్నారు

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు, రాజోలు దగ్గర మా ఊరు. ఇప్పుడు అయిదో నెల. మామూలు రక్తపరీక్షలతో పాటు చేసిన హెచ్ఐవీ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. నాలుగేళ్ళ పాప ఉంది. మా ఆయన రెండేళ్ళ క్రితం కువైట్ వెళ్దామని మెడికల్‌కి వెళ్తే అన్‌ఫిట్ అన్నారు, ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు, ఇప్పుడు టెస్ట్ చేయించుకోమంటే కోప్పడుతున్నారు. మా అత్తగారు నా కంచం, గ్లాసు వేరు పెట్టేసి పుట్టింటికి పొమ్మంటున్నారు. నేను చూపించుకునే నర్సింగ్ హోమ్ వాళ్ళు డెలివరీ మేం చెయ్యం అనేశారు. బిడ్డకి వస్తుందా? నేనేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు బిడ్డ సంగతి చెప్తాను, మిగతా గొడవ తర్వాత. మందులేమీ వాడకపోతే తల్లి నుంచి బిడ్డకి వచ్చే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది, అదే తల్లి రోజూ మాత్ర వేసుకుని పుట్టాక బిడ్డకి కూడా మందు పోస్తే 5 శాతం లోపుకి వచ్చేస్తుంది, తల్లి ఒంట్లో వైరస్ బాగా తగ్గిపోతే ఇంకా తక్కువ. మీకింకా నాలుగు నెలలుంది, సరిపోతుంది గానీ వచ్చే నెల చూద్దాంలే అనుకునేంత టైము మాత్రం లేదు. టెస్ట్ చేసిన ఐసీటీసీ (హెచ్ఐవీ టెస్ట్, కౌన్సెలింగ్ చేసే కేంద్రం) వాళ్ళే ఏఆర్‌టీ సెంటర్‌కి, అంటే హెచ్ఐవీ మందులిచ్చే చోటికి, కాగితం రాసిస్తారు, ఈ వారమే వెళ్ళండి. మన దేశంలో ఈ మందులు 2004 నుంచి ఫ్రీ, ఇప్పుడిచ్చేది టీఎల్‌డీ అని మూడు మందులు కలిపిన ఒకే బిళ్ళ, రోజుకొకటి. ఊళ్ళో ఎవరో పసరు మందుతో తగ్గించేస్తారని చెప్తారు చూడండి, వాళ్ళ గుమ్మం తొక్కొద్దు.

ఒక్క విషయం చాలామందికి చెప్పరు. కడుపుతో ఉన్నారని ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్ళల్ని ఈ మాత్రతో కలిపి పరగడుపున వేసేసుకుంటే ఇందులో ఉన్న డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. అన్నం తిని అన్నీ కలిపి వేసుకోవచ్చు, లేదంటే హెచ్ఐవీ బిళ్ళ వేసుకున్నాక రెండు గంటలాగి ఐరన్ వేస్కోండి.

ఎనిమిదో నెలలో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూస్తారు. వెయ్యి లోపుంటే నార్మల్ డెలివరీకి ఏ ఇబ్బందీ లేదు, హెచ్ఐవీ ఉంది కాబట్టి ఆపరేషన్ తప్పదని ఎవరైనా అంటే నమ్మకండి. పుట్టగానే బిడ్డకి సిరప్ మొదలుపెడతారు, మామూలుగా ఆరు వారాలు పొయ్యాలి, ఆరో వారంలో బిడ్డకి మొదటి టెస్ట్, 18 నెలలప్పుడు చేసేదే ఫైనల్. పాలు మీరే ఇవ్వొచ్చు, కానీ ఆరు నెలలూ మీ పాలు ఒక్కటే. మన వైపు బిడ్డ పుట్టీ పుట్టగానే పెద్దవాళ్ళు తేనె నాకిస్తారు, ఆముదం పోస్తారు, పాలు చాలట్లేదని రాత్రిపూట డబ్బాపాలు కలుపుతారు, మీ విషయంలో ఇది అస్సలు వద్దు, తల్లిపాలూ పైపాలూ కలిపితే పసిపేగు లోపలి పొర దెబ్బతిని వైరస్‌కి దారి ఇచ్చినట్టవుతుంది. అత్తగారికి ఇది అర్థమయ్యేలా కౌన్సెలర్‌తోనే చెప్పించండి, మీరు చెప్తే వినరు. పాపకి కూడా ఒకసారి టెస్ట్ చేయించండి.

ఇక ఆ నింద. ఇంట్లో ఆడవాళ్ళకే ముందు బయటపడడానికి కారణం ఒక్కటే, కడుపుతో ఉన్నవాళ్ళందరికీ ఈ టెస్ట్ చేస్తారు, మగవాళ్ళకి ఎవరూ చెయ్యరు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎప్పుడొచ్చిందో ఆ రిపోర్ట్ చెప్పదు. అలాగని ఆయన అన్‌ఫిట్ అయ్యింది దీనివల్లేనని మీరూ అనేయకండి, ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ ఉన్నా, హెపటైటిస్ బి ఉన్నా గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ కొడతారు. మీ మొదటి కాన్పు కార్డు మాత్రం వెతికి పట్టుకెళ్ళండి, అందులో నెగటివ్ అని ఉంటే ఆ తర్వాతే వచ్చిందని కనీసం తెలుస్తుంది. ఆయన్ని బలవంతంగా టెస్ట్ చెయ్యలేం, చట్టం ఒప్పుకోదు, కానీ పాజిటివ్ అయితే ఆయనకీ మందు కావాలి, నెగటివ్ అయితే మీ వైరల్ లోడ్ కనపడనంత తగ్గేదాకా కండోమ్ కావాలి, రెండిట్లో ఏదైనా ఆయనకే లాభం అని చెప్పి చూడండి. కంచం, గ్లాసు, బాత్రూమ్ వల్ల రాదు, మన కోనసీమ దోమల వల్ల కూడా రాదు (వస్తే ఈపాటికి జిల్లా అంతా పాజిటివే).

పుట్టింటికి మీ ఇష్టమైతేనే వెళ్ళండి, వాళ్ళు పంపితే కాదు. 2017 హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది, కలిసుంటున్న ఇంట్లోంచి ఈ కారణంతో గెంటెయ్యడానికి లేదు, 2005 గృహహింస చట్టం ప్రకారం కూడా ఆ ఇంట్లో ఉండే హక్కు మీకుంది, ఇల్లు మామగారి పేరు మీదున్నా సరే. చెయ్యి చేసుకుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి. లాయర్ కావాలంటే 15100, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితం.

నర్సింగ్ హోమ్ చేసింది తప్పే, ఆ హెచ్ఐవీ చట్టం ప్రకారమే హెచ్ఐవీ ఉందని వైద్యం కాదనకూడదు. కాగితం మీద కేసు మీరే గెలుస్తారు గానీ నొప్పులొచ్చిన రాత్రి చట్టం చూపిస్తూ గుమ్మంలో నిలబడలేం, అందుకని నా మాట వింటే డెలివరీకి ఇప్పట్నించే అమలాపురం ఏరియా హాస్పిటల్‌లో గానీ కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లో గానీ పేరు రాయించుకోండి, కంప్లైంట్ తీరిగ్గా తర్వాత ఇద్దురుగాని.

తెలిసినవాళ్ళు చూస్తారని చాలామంది చించినాడ బ్రిడ్జి దాటి వేరే ఊళ్ళో మందులు తెచ్చుకుంటారు, పర్లేదు, సెంటర్ మార్పించుకోవచ్చు, మీ అనుమతి లేకుండా మీ విషయం బయట చెప్పే హక్కు ఆస్పత్రిలో ఎవరికీ లేదు. కాకపోతే మీది లంక ఊరైతే జులై, ఆగస్టుల్లో వరదొచ్చి కాజ్‌వే మునిగితే వారం కదల్లేరు, ఆ నెలల్లో ఓ నెల మందు ఎక్కువ అడిగి ఇంట్లో పెట్టుకోండి, సంగతి చెప్తే ఇస్తారు. ఏఆర్‌టీ వాడేవాళ్ళకి రాష్ట్రంలో నెలకి 4,000 రూపాయల పెన్షన్ కూడా ఉంది, అప్లికేషన్ గురించి సెంటర్‌లోనే అడగండి. ఇంట్లో మాట్లాడ్డం కుదరకపోతే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, పేరు చెప్పక్కర్లేదు.

కాన్పు అయ్యాక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టెస్ట్ చేయించుకోవడం కూడా గుర్తుపెట్టుకోండి, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి ఆ క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ, మొదట్లోనే కనిపెడితే చిన్న ట్రీట్‌మెంట్‌తో పోతుంది.