అన్నీ కలిపి ఒకే జీతం: 25 శాతం సరిపోతుందా?

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో మాది చిన్న ఇండియన్ రెస్టారెంట్. ఇద్దరు ఫుల్‌టైం వంటవాళ్లున్నారు. శని, ఆదివారాల పెనాల్టీలు (ఆ రోజుల పనికి ఇవ్వాల్సిన అదనపు జీతం), ఓవర్‌టైం వారం వారం లెక్కగట్టే బదులు అవార్డ్ (ఆ రంగంలో కనీస జీతాలు, అదనాలు చెప్పే చట్టబద్ధ నియమావళి) రేటుకు 25 శాతం కలిపి ఒకే జీతం ఇచ్చేయమని అకౌంటెంట్ అంటున్నారు. అది సరిపోతుందా? ఒకాయన 482 వీసా (యజమాని స్పాన్సర్ చేసే తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద ఉన్నారు. వీసాకు చూపిన జీతం ఇస్తున్నాం కాబట్టి ఆయన సంగతి వేరేనా?

జవాబు: అలా ఇవ్వడానికి రెస్టారెంట్ ఇండస్ట్రీ అవార్డ్ 2020లో దారి ఉంది, ఫుల్‌టైం వాళ్లకు మాత్రమే. కానీ 25 శాతం అనేది అంతకు తగ్గకూడదన్న హద్దు. అది ఇస్తే బాకీ తీరినట్టు కాదు. ఎక్కువమంది యజమానులు దెబ్బతినేది ఇక్కడే.

లెక్క చూడండి. గంట జీతం 1 అనుకుందాం. మీ కుక్ బుధవారం నుంచి ఆదివారం దాకా రోజుకు 7.6 గంటల చొప్పున 38 గంటలు చేస్తారు. మూడు మామూలు రోజులకు 22.8. శనివారం 125 శాతం, అంటే 9.5. ఆదివారం 150 శాతం, 11.4. మొత్తం 43.7. మీరిచ్చేది 38కి 25 శాతం కలిపి 47.5. ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు బుధ, గురు, శుక్రవారాల్లో గ్రేవీలు సిద్ధం చేయడానికి రోజుకో గంట ఎక్కువ ఉంచారనుకోండి. ఒకటిన్నర రెట్ల చొప్పున 4.5 కలిసి 48.2 అవుతుంది. వారం వారం 0.7 గంట జీతం బాకీ పడుతున్నట్టే. ఇందులో 17.5 శాతం లీవ్ లోడింగ్ (సెలవు జీతం మీద ఇచ్చే అదనం), రాత్రి 10 దాటితే వచ్చే అదనం, 225 శాతం పబ్లిక్ హాలిడేలు ఇంకా కలపలేదు. ఈ రోస్టర్ (పనివేళల పట్టిక)కైతే 30 శాతం కంటే తక్కువ పెట్టుకోకండి.

ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, కాపీ ఉద్యోగికివ్వాలి. ఏడాది జీతమెంత, అవార్డ్‌లోని ఏయే క్లాజులు అందులో కలిశాయి, ఎన్ని పెనాల్టీ గంటలు, ఎంత ఓవర్‌టైం అనుకుని ఆ అంకె వేశారు అన్నవన్నీ అందులో రాయాలి. ఓవర్‌టైం కాకుండా పెనాల్టీ పడే గంటలు సగటున వారానికి 18, ఓవర్‌టైం 12 దాటితే ఆ పై గంటలకు విడిగా చెల్లించాలి.

పని మొదలైన వేళ, ముగిసిన వేళ, జీతం లేని బ్రేకులు రోజూ రాసి, ఉద్యోగి చేత సంతకం చేయించండి. రోస్టర్ కాగితాన్నే హాజరుగా వాడుకోవద్దు. రాత్రి 9:30కి దిగాలని రోస్టర్‌లో ఉన్నా, తందూరు ఆర్పి వంటగది కడిగేసరికి 10:15 అవుతుంది. ఆ ముప్పావు గంటే లెక్కల్లో మాయమయ్యేది. రికార్డులు ఏడేళ్లు దాచాలి. పన్నెండు నెలలకోసారి, మధ్యలో మానేస్తే అప్పుడే, నిజంగా చేసిన గంటలకు అవార్డ్ ప్రకారం ఎంత రావాలో సరిచూసి, తక్కువైతే 14 రోజుల్లో ఇవ్వాలి. ఏడాది ఆగకుండా మూడు నెలలకోసారి చూసుకోవడం మంచిది. జులైలో అవార్డ్ రేట్లు పెరిగినప్పుడు మీ అంకె కూడా మారాలి. 12 శాతం సూపర్ (ఉద్యోగి రిటైర్మెంట్ నిధికి యజమాని కట్టేది) దీనికి అదనం.

ముందుగా లెవెల్ (అవార్డ్‌లో పని నైపుణ్యాన్ని బట్టి ఉండే జీతం మెట్టు) సరిచూడండి. ట్రేడ్ అర్హత ఉన్న కుక్‌ను లెవెల్ 4కి బదులు లెవెల్ 2లో పెడితే, పైన ఎంత శాతం కలిపినా లెక్క మొదట్లోనే తప్పుతుంది.

వీసా మీద వచ్చినాయనకూ అవార్డ్ ఇంతే వర్తిస్తుంది. నామినేషన్‌లో (వీసా కోసం మీరు పెట్టిన దరఖాస్తులో) చూపిన జీతం, అవార్డ్ ప్రకారం వచ్చేది, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. బ్యాంకులో వేసి కొంత నగదుగా వెనక్కి తీసుకోవడం నేరుగా మోసమే. 2025 జనవరి 1 నుంచి కావాలని జీతం తక్కువ ఇవ్వడం ఆస్ట్రేలియా ఫెడరల్ చట్టం కింద క్రిమినల్ నేరం.

ఈ ఏర్పాటు చేసుకోకుండా, 'ఎక్కువ జీతంలో అన్నీ కలిసే ఉన్నాయి' అని కాంట్రాక్ట్‌లో ఒక్క వాక్యం రాసి ఊరుకునేవాళ్లూ ఉన్నారు. ఒక పే పీరియడ్‌లో ఎక్కువ ఇచ్చాం కాబట్టి అది మరో పే పీరియడ్ బాకీకి చెల్లు అంటే కుదరదని 2025 సెప్టెంబర్‌లో ఫెడరల్ కోర్టు సూపర్‌మార్కెట్ల కేసులో చెప్పింది. పండగ వారాల్లో గంటలు ఎగబాకే రెస్టారెంట్‌కు ఆ దారి పనికిరాదు.