స్టీలు షాపున్న ఇంటికి మళ్లీ స్టీలు షేర్లా?

ప్రశ్న: నమస్తే సార్. మాది తాడేపల్లిగూడెం. నాన్నగారి కాలం నుంచి స్టీలు సామాన్ల షాపు ఉంది, ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. వయసు 41. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగో తరగతి. నాన్నగారి నుంచి నాకు వచ్చిన ఇళ్ల స్థలం మొన్న అమ్మితే 18 లక్షలు చేతికొచ్చాయి. షాపు మీద ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) 6 లక్షలు వాడేశాం, వడ్డీ 11 శాతం. ప్రపంచంలో స్టెయిన్‌లెస్ స్టీలు ఉత్పత్తి రికార్డు కొట్టిందని, మన దేశంలో వాడకం ఇంకా రెట్టింపు అవుతుందని మా బావమరిది వాట్సాప్‌లో పెద్ద ప్రెజెంటేషన్ పంపాడు. 12 లక్షలు ఒక స్టెయిన్‌లెస్ కంపెనీ షేర్లలో పెట్టి, 6 లక్షలకి ధర పెరగకముందే సరుకు కొని పడేద్దామని ఉంది. నాకు తెలిసిన వ్యాపారమే కదా, తప్పంటారా?

జవాబు: మీ బావమరిది పంపిన అంకెల్లో తప్పేం లేదండి, ముందు ఆ మాట చెప్పేస్తాను. 2024లో ప్రపంచం మొత్తం మీద తయారైన స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు 6 కోట్ల 26 లక్షల టన్నులు, అంతకుముందు ఏడాది 5 కోట్ల 84 లక్షలు. వందేళ్లు దాటిన పరిశ్రమ ఏడాదిలో ఏడు శాతం పెరిగిందంటే మాటలు కాదు. మన దగ్గర తలసరి వాడకం ఏడాదికి మూడు కేజీల చుట్టూ ఉంటే ప్రపంచ సగటు దానికి రెట్టింపు, అదీ నిజమే. కానీ ఉత్పత్తి పెరిగితే ఆ డబ్బు షేరు కొన్నవాడి జేబులోకే వస్తుందని ఆ ప్రెజెంటేషన్ చెప్పకుండానే నమ్మించేస్తోంది. నా పేచీ అక్కడ.

ఆ 6 కోట్ల 26 లక్షల టన్నుల్లో చైనా ఒక్కటే 3 కోట్ల 94 లక్షలు తీసింది, అంటే నూటికి 63. 2000లో ఏడాదికి 10 లక్షల టన్నులు కూడా తయారుచేయని దేశం అది! తన అవసరానికి మించి ప్లాంట్లు కట్టుకుంది, మిగిలిన సరుకు ఎక్కడో ఒకచోట అమ్ముకోవాలి, ఆ ఒకచోట చాలాసార్లు మన దేశమే. ఇండోనేషియా కథ ఇంకా చిత్రం. 2017కి ముందు అక్కడ చెప్పుకోదగ్గ స్టెయిన్‌లెస్ కరిగించే ప్లాంటే లేదు. చైనాకి చెందిన సింగ్షాన్ సులవేసి దీవిలో మొరొవాలి అనేచోట పెద్ద కాంప్లెక్సు కట్టింది, 2020 జనవరి నుంచి ఇండోనేషియా ప్రభుత్వం నికెల్ ముడిఖనిజం ఎగుమతి ఆపేసింది, కావాలంటే మా దేశంలోనే కరిగించుకోండి అని. ఖనిజం పక్కనే, దాన్ని కరిగించే కొలిమీ పక్కనే, స్టెయిన్‌లెస్ పోతపోసేదీ ఆ ఆవరణలోనే. పదేళ్లు తిరక్కుండా ఆ దేశం ఉత్పత్తి మన స్థాయికి వచ్చి కూర్చుంది, అదీ మనకంటే తక్కువ ఖర్చుతో.

అదే సమయంలో యూరప్‌ని చూడండి. 2021లో 70 లక్షల టన్నులు దాటి తీసింది, 2023కి 60 లక్షల దగ్గరికి జారింది. కరెంటు ఖర్చు, గిరాకీ తగ్గడం, చవక దిగుమతులు, మూడూ కలిసి కొట్టాయి. ఫిన్లాండ్ కంపెనీ అవుటొకుంపు 2012లో జర్మనీ వాళ్ల స్టెయిన్‌లెస్ వ్యాపారాన్ని కొని యూరప్‌లో అందరికంటే పెద్దదైంది, ఆ తర్వాత రెండుమూడేళ్లు భారీ నష్టాలు మూటగట్టుకుంది. అప్పుడు ప్రపంచ ఉత్పత్తి తగ్గుతోందా అంటే, లేదు, ఏటేటా పెరుగుతూనే ఉంది! గ్రాఫు పైకి, కంపెనీ కిందకి.

మన దగ్గర సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే మీరు కొనాలనుకుంటున్న కంపెనీ పేరు రాయలేదు గానీ ఏదో ఊహించగలను. దేశంలో ఈ రంగంలో అన్నిటికంటే పెద్దది జిందాల్ స్టెయిన్‌లెస్. వాళ్లు అప్పుల భారంతో బ్యాంకుల దగ్గర అప్పుల పునర్వ్యవస్థీకరణలోకి వెళ్లి, 2019లో గానీ బయటపడలేదు. 2020 మార్చిలో ఆ షేరు 30 రూపాయల లోపు దొరికింది, 2024లో 700 దాటింది. మీ బావమరిది ఈ రెండో అంకెనే చూపించి ఉంటాడు. మొదటి అంకె దగ్గర కొనే ధైర్యం అప్పట్లో ఎంతమందికి ఉందో కనుక్కోండి, అప్పుల పాలైన కంపెనీ అని అందరూ పక్కకి తప్పుకున్న రోజులవి. ఆ షేరు బాగోదని నేననడం లేదు, ఈ పెరుగుదల చూసి ఇప్పుడు 12 లక్షలు పోయడం వేరే పందెం అంటున్నాను.

పైగా లాభం సగం ఢిల్లీ చేతిలో ఉంటుంది. చైనా స్టెయిన్‌లెస్ షీట్ల మీద 2017లో మన ప్రభుత్వం సబ్సిడీ వ్యతిరేక సుంకం వేసింది, 2021 బడ్జెట్‌లో పక్కన పెట్టేసింది. వేస్తే మిల్లులకి పండగ, తీస్తే మీలాంటి షాపులకీ గిన్నెలు చేసే వాళ్లకీ పండగ. ఎగుమతుల వైపు చూస్తే అమెరికా 2025 జూన్ నుంచి స్టీలు దిగుమతుల మీద సుంకం 50 శాతం చేసింది, 2026 నుంచి యూరప్ ఉక్కు తయారీలో వెలువడే కార్బన్‌కి కూడా వెల కడుతోంది. తాడేపల్లిగూడెంలో కూర్చుని వీటన్నిటి మీదా కన్నేసి ఉంచుతారా? ఉంచగలరేమో, కానీ షాపు ఎవరు చూస్తారు?

ఇక తెలిసిన వ్యాపారం అన్నారు చూడండి, దాని గురించి కొంచెం సూటిగా మాట్లాడాలి. మీకు తెలిసింది గిన్నెలు అమ్మడం. పెళ్లి సామాను బేరం ఎలా తెగ్గొట్టాలో, బిందె తూకం ఎంతుండాలో, పేర్లు చెక్కడానికి విడిగా డబ్బులడిగితే ఎవరు వెళ్లిపోతారో మీకు తెలిసినంత నాకు తెలియదు. కౌంటర్ దగ్గర అయస్కాంతం తీసుకొచ్చి అంటుకుంటే నకిలీ అనే కస్టమర్లు రోజూ తగులుతుంటారు కదా. అంటుకునేదాంట్లో నికెల్ లేని 430 రకం ఉంటుంది, అది అసలైన స్టెయిన్‌లెస్సే. అంటుకోనిది నికెల్ ఉన్న 304 రకం కావచ్చు, లేదా నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 రకం కావచ్చు, అయస్కాంతం ఆ రెండింటికీ తేడా చెప్పలేదు. ఇదంతా మీకు కంఠతా వచ్చు. కానీ ఆ 304లో ఉండే 8 శాతం నికెల్ ధర ఎక్కడ తేలుతుందో, ఎందుకు ఊగుతుందో అది మీ కౌంటర్ మీద కనపడదు.

చిన్న లెక్క వేస్తాను. కేజీ 304లో నికెల్ సుమారు 80 గ్రాములు. టన్ను నికెల్ 16 వేల డాలర్లు ఉంటే, డాలరుకి 85 రూపాయలు వేసుకున్నా ఆ 80 గ్రాముల ఖరీదు 109 రూపాయలు. అదే 30 వేల డాలర్లు అయితే 204 రూపాయలు. మిల్లులు తుక్కు, నికెల్ పిగ్ ఐరన్ అనే చవక రకం నికెల్ ముడిసరుకు కూడా వాడతాయి కాబట్టి అచ్చంగా ఇంతే పడదు, కానీ ఒక్క లోహం వల్ల కేజీకి తొంభై అయిదు రూపాయల తేడా ఎలా వస్తుందో అర్థమవుతుంది. ఇది ఊరికే కాగితం మీద లెక్క కాదు, 2022 చివర్లో నికెల్ 30 వేల దగ్గర ఉంది, 2023 చివరికి 16 వేల దగ్గరికి వచ్చేసింది. అంతకుముందు 2022 మార్చి 8న లండన్ మెటల్ ఎక్స్‌ఛేంజ్‌లో కాసేపు లక్ష డాలర్లు దాటితే, ఎక్స్‌ఛేంజ్ వాళ్లు ట్రేడింగ్ ఆపేసి ఆ రోజు జరిగిన బేరాలే రద్దు చేశారు! ధర పడిపోతుందని భారీగా పందెం కాసి ఇరుక్కున్నది ఎవరో కాదు, ఇందాక చెప్పిన సింగ్షానే. ప్రపంచంలోనే అంత నికెల్ చేతిలో ఉన్నవాడికే ధర ఎటు పోతుందో తెలియలేదు, మనం ఆరు లక్షల సరుకు కొని గోడౌన్‌లో పెట్టి ధర పెరుగుతుందని ఎదురుచూడటం ఏ ధైర్యంతో?

2022 చివర్లో 304 సరుకు దండిగా కొని దాచిన వాళ్లు ఏడాది తిరిగేసరికి ఏమయ్యారో మీ హోల్‌సేల్ వాళ్లనే అడగండి. ఇంకో మాట, 2024లో కేంద్రం స్టీలు వంట సామానుకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మార్కు లేని సరుకు చవగ్గా వస్తోందని ఎవరైనా అంటగడితే అది మీ దగ్గరే ఉండిపోయే ప్రమాదం ఉంది. సీజన్‌కి సరిపడా కొనండి, చాలు.

అసలు నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన విషయం ఇది. మీ ఇంటి ఆదాయం స్టీలు. మీ సరుకు స్టీలు. ఓడీకి తాకట్టుగా ఉన్నది ఆ సరుకే అయి ఉంటుంది, అంటే అప్పు కూడా స్టీలే. ఇప్పుడు పొదుపు కూడా స్టీలే అంటున్నారు. ధర పడినప్పుడు షాపులో సరుకు విలువ తగ్గుతుంది, మిల్లు దగ్గర నిల్వల విలువ కూడా తగ్గి దాని లాభం పడుతుంది, ఆ మూడు నెలల ఫలితాలు రాగానే షేరు పడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కదండీ. ఏ సాఫ్ట్‌వేర్ ఉద్యోగో ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు కొంచెం మెత్తగా ఉండేది.

వాడకం రెట్టింపవుతుందన్న మాటలో కూడా ఒక మెలిక ఉంది. ఒకప్పుడు మన దేశంలో స్టెయిన్‌లెస్ అంటే ముప్పాతిక మువ్వీసం వంటింటి సామానే, ఇప్పుడు ఆ వాటా తగ్గుతూ వస్తోంది. 2018లో చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పాత ఉక్కు రైలు పెట్టెలు చేయడం మానేసి స్టెయిన్‌లెస్ బాడీ ఉండే ఎల్‌హెచ్‌బీ రకం పెట్టెలకి పూర్తిగా మారింది. మెట్రో రైళ్లు, వందే భారత్, పాల డెయిరీల ట్యాంకులు, మందుల ఫ్యాక్టరీలు... 2025లో తెరిచిన కొత్త పంబన్ వంతెనలో సముద్రపు ఉప్పు గాలికి తట్టుకోవాలని స్టెయిన్‌లెస్ రాడ్డే వాడారు. రేపు మనిషికి ఇంకో రెండు మూడు కేజీలు పెరిగినా అందులో బిందెలు, డబ్బాలు ఎన్ని ఉంటాయంటారు? అది మిల్లుకి మంచి వార్త. మీ షాపుకి కాదు. ఇదే మాట పట్టుకుని, అందుకే షేరు కొంటానంటున్నా అని మీరు అనొచ్చు, అందులో న్యాయం ఉంది, అందుకే పూర్తిగా వద్దనడం లేదు. ఎంత అన్నది కింద చెప్తాను.

ఇప్పుడు 18 లక్షల సంగతి. ఇదంతా మీదే అనుకోకండి, ముందు పన్ను తేల్చండి. స్థలం నాన్నగారి నుంచి వచ్చింది కాబట్టి ఆయన కొన్న ధర, కొన్న తేదీయే లెక్కలోకి వస్తాయి. 2001 ఏప్రిల్‌కి ముందు కొన్నదైతే అప్పటి మార్కెట్ విలువ తీసుకునే వీలుంది. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, లేదా 2024 జూలై 23కి ముందు కొన్న స్థలం కాబట్టి ఇండెక్సేషన్‌తో (అంటే ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి లెక్కేస్తే) 20 శాతం, ఏది తక్కువైతే అది. ఆడిటర్ దగ్గరికి దస్తావేజులు పట్టుకెళ్లండి, అడ్వాన్స్ ట్యాక్స్ గడువు కూడా అప్పుడే అడగండి. ప్రస్తుతానికి లక్షన్నర పక్కన పెట్టామనుకుందాం.

తర్వాత ఓడీ. ఆరు లక్షలూ కట్టేయండి. 11 శాతం వడ్డీ ఆదా అంటే ఏ రిస్కూ లేకుండా ఏటా 66 వేలు, ఆ వడ్డీని వ్యాపార ఖర్చుగా చూపించి కొంత పన్ను తగ్గించుకుంటున్నారు కాబట్టి అసలు ఆదా దానికంటే కొంచెం తక్కువే, అయినా ఇంతకంటే ఖాయమైన రాబడి ఇంకెక్కడా దొరకదు. లిమిట్ మాత్రం రద్దు చేయించుకోకండి, దసరాకో పెళ్లిళ్ల సీజన్‌కో సరుకు కావాల్సినప్పుడు అక్కరకొస్తుంది.

పాప తొమ్మిది అన్నారు, అంటే రెండేళ్లలో ఇంటర్, నాలుగేళ్లలో పై చదువు. ఆ ఫీజు డబ్బు షేర్లలో ఉండకూడదు, ఒక నాలుగు లక్షలు వేర్వేరు గడువులతో ఎఫ్‌డీలు చేయండి. ఇంటి ఖర్చులకి ఆరు నెలలు సరిపడా, మూడు లక్షలనుకుందాం, షాపు ఖాతాలో కాకుండా విడిగా ఉంచండి. షాపు ఖాతాలో ఉంటే అది సరుకైపోతుంది, మీకూ తెలుసు. ఉత్తరంలో బీమా ఊసే లేదు. లేకపోతే కోటి రూపాయల టర్మ్ పాలసీ, నలుగురికీ కలిపి ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి, వాటి ప్రీమియం షాపు ఆదాయంలోంచే కట్టండి.

మిగిలింది మూడున్నర లక్షలు. అందులో మూడు లక్షలు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో ఏడాది పాటు నెలనెలా 25 వేల చొప్పున. బాబు పై చదువుకి తొమ్మిదేళ్లుంది కాబట్టి ఇది వాడిది అనుకోండి. ఆ ఫండ్‌లో బ్యాంకులు, సాఫ్ట్‌వేర్, మందులు, కార్లు అన్నీ ఉంటాయి, కొంచెం ఉక్కూ ఉంటుంది, మీకు అంత చాలు. చివరి 50 వేలతో మీ బావమరిది చెప్పిన షేరు కొనుక్కోండి, ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతల్లో. అది సగమైనా పాప ఫీజు ఆగదు, షాపు అద్దె ఆగదు. రెట్టింపైతే సంతోషించండి, అమ్మేటప్పుడు మాత్రం ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం, దాటాక ఏడాదికి లక్షా పాతిక వేల పైన ఉన్న లాభం మీద 12.5 శాతం పన్ను ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

కొనేముందు ఆ కంపెనీ వార్షిక నివేదికలో రెండే చూడండి: టన్ను అమ్మితే ఎంత మిగులుతోంది, మొత్తం అప్పు ఎంత. ఎన్ని లక్షల టన్నులు అమ్మారన్నది పెద్దక్షరాలతో మొదటి పేజీలోనే వేస్తారు, దాని కోసం వెతకక్కర్లేదు. గత ఐదేళ్లలో టన్ను మీద మిగులు ఎంతలా ఊగిందో ఒక కాగితం మీద రాసుకుని బావమరిదికి ఫొటో తీసి పంపండి, వాట్సాప్‌లోనే.

ఆడిటర్ పన్ను ఎంతని తేల్చాడో, ఓడీకి తాకట్టు సరుకేనా లేక ఇల్లు కూడా పెట్టారా, ఈ రెండూ రాయండి. ఇల్లు పెట్టి ఉంటే పైన చెప్పిన వాటిలో ఎఫ్‌డీల లెక్క కొంచెం మార్చాలి.