తల్లి లావుగా ఉన్నా బిడ్డ ఎందుకు ఎదగడం లేదు?

నగరానికి వచ్చి స్థిరపడిన ఆదివాసీ కుటుంబాలకు ఆసుపత్రీ దుకాణమూ దగ్గరే కదా, అయినా వారి తల్లుల్లో, పిల్లల్లో పోషకాహార లోపం ఎందుకు తగ్గదని మీరు అడిగారు. అలాంటి వాడల్లో పిల్లల ఎత్తూ బరువూ కొలిచే పని కొంతకాలం చేశాను కనుక, చూసినంత వరకు చెబుతాను.

ఒకప్పుడు ఏరుకుని, పట్టుకుని, పండించుకుని తిన్నవన్నీ నగరంలో కొనుక్కోవలసిందే. కూలి డబ్బు ముందుగా కడుపు నింపే పిండిపదార్థాలకు, నూనెకు, చక్కెరకు పోతుంది. ఇనుము, జింకు, మాంసకృత్తులు ఇచ్చే ఆహారం మిగిలినదానితో సరిపెట్టుకోవలసినదిగా మారుతుంది. అందువల్లే లావుగా కనిపించే గర్భిణికి కూడా రక్తంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాములకు తక్కువగా ఉంటుంది, అంటే రక్తహీనత అన్నమాట. ఆమె ఒంటిని చూసి ఎవరూ ఆ సంగతి అనుమానించరు.

ఏడాదిన్నర పిల్లవాడిని కొలత పలక మీద పడుకోబెట్టి, ఒకరం తల పట్టుకుని, మరొకరం మోకాళ్లు అదిమి, పాదాలకు చెక్క ఆనిస్తుండగా, "అక్కా, వీడు రోజంతా నములుతూనే ఉంటాడు" అంది ఒక తల్లి. అందులో అబద్ధం లేదు. ఆమె పనికి వెళ్లినంతసేపూ వాడిని చూసుకునేది వాడి అక్క. ఆ పిల్ల కొనిపెట్టే ప్యాకెట్ చిరుతిళ్లు ఆకలిని చంపుతాయి గానీ ఎముకను పెంచవు. ఇలాంటి బిడ్డ బరువు ఎత్తుకు సరిపోతుంది, జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకు పైనే ఉండి తీవ్ర లోపం జాబితాలోకి రాడు. వయసుకు తగ్గ ఎత్తు చూస్తేనే గిడసబారిన సంగతి బయటపడుతుంది. "వాళ్ల జాతే పొట్టి" అని సిబ్బంది కొట్టిపారేయడం విన్నాను, అది నేను ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన పిల్లల ఎదుగుదల ప్రమాణాలకు ఆధారమైన ఆరు దేశాల పిల్లలు, మంచి పోషణ దొరికినప్పుడు, అయిదేళ్ల లోపు దాదాపు ఒకేలా ఎదిగారు.

తల్లిపాలు మాత్రమే పట్టవలసిన మొదటి ఆరు నెలలు పూర్తికాకముందే పనిలోకి వెళ్లక తప్పని తల్లి బిడ్డకు సీసా పాలు అలవాటు చేస్తుంది. నీరు శుభ్రంగా లేని చోట అది విరేచనాలకు దారితీసి, తిన్నది ఒంటబట్టనివ్వదు. ఇక ఆసుపత్రి దగ్గరే ఉన్నా, అది తెరిచి ఉండే వేళలూ ఆమె కూలి వేళలూ ఒకటే. భాష రానందుకు కసురుకుంటే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రల కోసం మళ్లీ ఆ గుమ్మం తొక్కదు.

మీ పరిధిలో ఏదైనా చేయగలిగితే, తల్లి రక్తపరీక్షనూ బిడ్డ ఎత్తునూ ఒకే రోజు, సాయంత్రం వేళ, వారి భాష మాట్లాడే కార్యకర్తతో చేయించండి. నగరం మొత్తానికి తీసిన సగటు అంకెల్లో ఈ వాడలు కలిసిపోతాయి కాబట్టి, ఆ కొలతలను విడిగా నమోదు చేయించండి.