తాళం తీసినవారంతా యజమానులు కారు

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఊరు మారుతూ ఇంటర్నెట్‌లో అద్దె ఇల్లు వెతుకుతున్నాను. ఒక ఇల్లు ఫొటోలలో చాలా బాగుంది, అద్దె చుట్టుపక్కల ఇళ్లకంటే బాగా తక్కువ. యజమాని విదేశంలో ఉన్నాడట. అడ్వాన్సు పంపితే తాళంచెవులు కొరియర్‌లో పంపుతానని, ఇల్లు నచ్చకపోతే సొమ్ము వాపసు చేస్తానని అంటున్నాడు. తన గుర్తింపు కార్డు కూడా పంపాడు. నమ్మవచ్చా?

జవాబు: నమ్మవద్దు. విదేశంలో ఉంటూ ఇక్కడి ఇంటిని నిజాయితీగా అద్దెకిచ్చేవారు ఎందరో ఉన్నారు గాని, వారు ఇల్లు చూపించడానికి బంధువునో ఏజెంటునో పెట్టుకుంటారే తప్ప, మీరు గడప తొక్కకముందే డబ్బు అడగరు. తక్కువ అద్దె మిమ్మల్ని ఆకర్షించడానికి, విదేశం మిమ్మల్ని కలవకుండా ఉండడానికి, వాపసు హామీ మీ అనుమానాన్ని అణచడానికి పనికివస్తున్నాయి. రేపో మాపో "ఇంకొకరు డబ్బు కడతామంటున్నారు" అనే కబురు కూడా వస్తుంది.

ఆ ఫొటోలను గూగుల్‌లో పెట్టి వెతికి చూడండి. ఇటువంటి ప్రకటనలకు సాధారణంగా అమ్మకానికి పెట్టిన ఇళ్ల ఫొటోలను ఎత్తుకొస్తారు కనుక, అదే వంటగది మరో ఊరి పేరుతో కనిపించినా ఆశ్చర్యం లేదు. అయితే ఏమీ దొరకనంత మాత్రాన ప్రకటన నిజమైనదని అనుకోకూడదు. అంచులు కత్తిరించిన ఫొటో ఆ వెతుకులాటకు చిక్కకపోవచ్చు. మీరు వెళ్లలేకపోతే ఆ ఊరిలో తెలిసినవారిని పంపి, లోపలికి వెళ్లి చూసి రమ్మనండి.

ఇక ఆ గుర్తింపు కార్డు సంగతి. అది అంతకుముందు మోసపోయినవారు ఎవరో పంపినదే కావచ్చు. మీరు పంపే కార్డు కూడా రేపు మరొకరికి "యజమాని కార్డు"గా చేరవచ్చు. అందువల్ల ఇల్లు, మనిషి ఖాయమయ్యాకే కార్డు నకలు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు దానిమీద అడ్డంగా, ఏ పనికోసం ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో రాయండి.

ప్రశ్న: మేము ఇల్లు స్వయంగా చూశాం. తాళం తీసి చూపించిన వ్యక్తికే అడ్వాన్సు నగదుగా ఇచ్చాం. చేరవలసిన రోజున వెళితే, అదే ఇంటికోసం మరో రెండు కుటుంబాలు సామానుతో నిలబడి ఉన్నాయి. ఎక్కడ పొరబడ్డాం?

జవాబు: తాళంచెవిని చూసి మనిషిని నమ్మారు. ఎవరైనా ఒక ఇంటిని నాలుగు రోజులకు అద్దెకు తీసుకుని, ఆ నాలుగు రోజులలోనే పదిమందికి చూపించి, పదిమంది దగ్గరా అడ్వాన్సు పుచ్చుకుని మాయమవవచ్చు. ఇల్లు ఉన్నదా అన్నది ఒక ప్రశ్న, దానిని అద్దెకిచ్చే హక్కు ఈ మనిషికి ఉన్నదా అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి మీ కళ్లు చాలు. రెండవదానికి రిజిస్ట్రేషన్ రికార్డులోనో ఇంటిపన్ను రసీదులోనో ఉన్న పేరు, మీ ఎదుట ఉన్న మనిషి పేరు, డబ్బు వెళ్లే బ్యాంకు ఖాతా పేరు, ఈ మూడూ ఒకటేనా అని చూడాలి. తేడా ఉంటే, అద్దెకివ్వడానికి యజమాని రాసి ఇచ్చిన అనుమతి చూపమనండి. యజమాని ఫోన్ నంబరును మాత్రం ఆ మనిషి దగ్గర కాకుండా పొరుగువారి దగ్గర తీసుకోండి. పక్కింటివారితో పది నిమిషాల మాట, నా దృష్టిలో, పత్రాల కట్టకంటే ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు మూడు కుటుంబాలూ కలిసి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. మెసేజ్‌లు, ఫోన్ నంబర్లు, ప్రకటన కాపీ ఏవీ చెరిపివేయవద్దు. అసలు యజమానిని కలిస్తే, ఆ వ్యక్తి ఇల్లు తీసుకున్నప్పుడు ఇచ్చిన వివరాలు దొరకవచ్చు. బ్యాంకు ద్వారా పంపి ఉంటే, తెలిసిన క్షణమే బ్యాంకుకు చెప్పి సొమ్మును ఆపించే ప్రయత్నం చేయగలిగేవారు. నగదు విషయంలో ఆ దారి లేదు. పోయిన సొమ్ము రాబట్టి ఇస్తామంటూ ముందుగా రుసుము అడిగేవారు తగిలితే, అది రెండవ మోసమని గుర్తించండి.

ప్రశ్న: నేను ఇంటి యజమానిని. రాబోయే అద్దెదారు అడ్వాన్సుకంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగతాది సామాను తరలించేవారికి పంపమంటున్నాడు. పంపనా?

జవాబు: పంపవద్దు. కొన్ని బ్యాంకులు చెక్కు పూర్తిగా చెల్లకముందే సొమ్మును ఖాతాలో చూపిస్తాయి. తరువాత ఆ చెక్కు దొంగదని తేలితే మొత్తం వెనక్కి తీసుకుంటాయి, మీరు పంపిన మిగులు మాత్రం తిరిగి రాదు. ఆ చెక్కును జమ చేయకుండా, అడ్వాన్సు ఎంతో అంతే అతని సొంత ఖాతానుంచి పంపమనండి.