సమాధానం: పీఐడీకి ఒకరికి మాత్రలు, ఇంకొకరికి అడ్మిషన్ ఎందుకు?

పీఐడీ, అంటే గర్భాశయం, దాని ట్యూబులు, అండాశయాలకు సోకే ఇన్ఫెక్షన్ వచ్చి, పొత్తికడుపు నొప్పి, 38 డిగ్రీల జ్వరం ఉన్నా మిమ్మల్ని ఒక ఇంజెక్షన్, మాత్రలతో ఇంటికి పంపారు, ఇదే జబ్బుకి మీ అక్కను మాత్రం అడ్మిట్ చేసుకున్నారు. మీకు వైద్యం తక్కువైందేమోనని కదా భయం? అలా ఏమీ కాదండీ.

నొప్పి ఒక్కదాన్ని చూసి తీవ్రతను తేల్చరు. జ్వరం 38.5 దాటినా, వాంతులతో మాత్రలు నిలవకపోయినా, గర్భవతి అయినా, స్కానింగ్‌లో ట్యూబు, అండాశయం దగ్గర చీముగడ్డ కనిపించినా, అపెండిసైటిస్ కాదని గట్టిగా చెప్పలేకపోయినా అడ్మిట్ చేస్తారు. మీ అక్కకు వీటిలో ఏదో ఒకటి ఉండి ఉండొచ్చు.

ఇవేవీ లేకపోతే తేలికపాటి లేదా మధ్యస్థం కింద లెక్క. ఈ స్థాయిలో ఆసుపత్రిలో ఉంచి నరానికి మందు ఎక్కించినా, ఇంటి దగ్గర మాత్రలు వాడినా ఫలితంలో పెద్ద తేడా లేదని అమెరికాలో జరిగిన పీచ్ (PEACH) అనే వైద్య పరిశోధన 2002లో చూపించింది. సాధారణంగా ఇచ్చేది సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ ఒకటి, ఆపైన డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ 14 రోజులు.

అసలు చూడాల్సింది 72 గంటల గడువు. అప్పటికీ జ్వరం, నొప్పి తగ్గుముఖం పట్టకపోతే అడ్మిషన్ గురించి మళ్లీ ఆలోచించాల్సిందే, కాబట్టి ఆగకుండా వెళ్లండి. వాంతులు మొదలైతే, నెల తప్పి ఉంటే ఆ గడువు కూడా చూడొద్దు.

తేలికపాటి అన్నారని కోర్సు మధ్యలో ఆపేయకండి. లక్షణాలు తక్కువున్నా ట్యూబులు దెబ్బతినొచ్చు. మీ భర్తకూ చికిత్స అవసరం (చాలామంది వదిలేసేది ఇదే), ఇద్దరి కోర్సూ పూర్తయ్యేదాకా కలవకూడదు.