స్కూల్ కాల్పుల సన్నద్ధతపై పాలసీ పేపర్: నేను తలుపు తాళం దగ్గర మొదలుపెట్టాను

మీరు అడిగింది ఇది: అమెరికాలో పబ్లిక్ పాలసీ మాస్టర్స్ చేస్తున్నారు. స్కూళ్లలో కాల్పుల సన్నద్ధత మీద 25 పేజీల పేపర్ రాయాలి. చదివేకొద్దీ విషయం పెరిగిపోతోంది, ఏ లెక్క నమ్మాలో తెలియడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు.

నేను ఇదే విషయం మీద 2022 చివర్లో టెక్సస్‌లో పేపర్ రాశాను. మాస్టర్స్‌లో ఆఖరి సెమిస్టర్ అది. మా పాప ఆ ఏడే కిండర్‌గార్టెన్‌లో చేరింది. ఆ ఏడే మే 24న టెక్సస్‌లోనే యువాల్డే ఊళ్లోని రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. విజయవాడ నుంచి మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "వేరే ఏదైనా రాసుకోవచ్చు కదే, ఇవన్నీ చదివితే రాత్రిళ్లు నిద్రెలా పడుతుంది" అనేది. నిద్ర పట్టని మాట నిజమే. ఆ సంగతి చివర్లో చెప్తాను.

నా మొదటి డ్రాఫ్ట్‌లో తుపాకీ చట్టాలు, మానసిక ఆరోగ్యం, పోలీసులు, డ్రిల్స్ (దాడి జరిగితే ఏం చెయ్యాలో స్కూల్లో చేయించే సాధన), మెటల్ డిటెక్టర్లు అన్నీ ఉన్నాయి. మా ప్రొఫెసర్ మొదటి పేజీ మీద ఒకే ఒక్క ప్రశ్న రాసి వెనక్కిచ్చారు: "ఇది చదివాక సోమవారం పొద్దున ఎవరు ఏం చెయ్యాలి?" నా దగ్గర జవాబు లేదు. రెండు వారాల కష్టం పక్కన పెట్టాల్సి వచ్చింది. మీరు ఆ రెండు వారాలు పోగొట్టుకోకుండా ఉండాలంటే వార్తలు, వ్యాసాలు ఆపి, ముందు అధికారిక విచారణ నివేదికలు చదవండి. చాలా పెద్ద ఘటనల తర్వాత రాష్ట్రం గానీ కేంద్రం గానీ ఒక కమిటీ వేసి నివేదిక ఇచ్చింది. అన్నీ ఉచితంగా దొరుకుతాయి.

యువాల్డే మీద రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. టెక్సస్ ప్రతినిధుల సభ కమిటీ నివేదిక 2022 జులైలో వచ్చింది. అమెరికా న్యాయశాఖ నివేదిక 2024 జనవరిలో వచ్చింది. 376 మంది పోలీసులు వచ్చి కూడా 77 నిమిషాలు ఆగారన్న సంగతి అందరికీ తెలుసు. అందరూ దాని గురించే రాస్తారు. సభ కమిటీ నివేదికలో నన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టింది మాత్రం స్కూల్ రోజువారీ పనుల గురించి రాసిన భాగం. కాల్చినవాడు లోపలికి వచ్చిన పడమటి తలుపు మూసే ఉంది, తాళం మాత్రం పడలేదు. 111వ నంబరు గది తాళం సరిగ్గా పడదని స్కూల్లో చాలామందికి తెలుసు, అయినా రిపేరు చెయ్యమని రాతపూర్వకంగా ఎవరూ పెట్టలేదు. తాళంచెవులు చాలక తలుపులకు రాళ్లు, అయస్కాంతాలు అడ్డం పెట్టుకునే అలవాటు ఉండేది. హెచ్చరిక ఫోన్ యాప్‌లో వచ్చేది, కానీ ఆ స్కూల్లో వైఫై అన్నిచోట్లా సరిగ్గా అందేది కాదు.

ఇంకొకటి కూడా ఉంది. యువాల్డే మెక్సికో సరిహద్దుకు దగ్గర. పోలీసులు తరుముతుంటే కార్లు వదిలేసి జనం పారిపోయే ఘటనలు అప్పట్లో అక్కడ మామూలు. వాటి వల్ల ఆ ఫిబ్రవరి నుంచి మే వరకు సుమారు 50 హెచ్చరికలు వచ్చాయి. మళ్లీ మళ్లీ వచ్చి ఏమీ జరగకపోయేసరికి, ఆ రోజు వచ్చిన హెచ్చరికను కూడా కొందరు అలాంటిదే అనుకున్నారు.

ఇది చదివాక పాత నివేదికలు కొత్తగా కనిపించాయి. 2012 డిసెంబర్ 14న శాండీ హుక్‌లో 20 మంది పిల్లలు, 6గురు పెద్దవాళ్లు పోయాక కనెటికట్ వేసిన కమిషన్ 2015లో తుది నివేదిక ఇచ్చింది. తరగతి తలుపుకు లోపలి నుంచే తాళం వేసుకునే వీలుండాలన్నది అందులో ముఖ్యమైన సిఫార్సు. 2018 ఫిబ్రవరి 14న పార్క్‌లాండ్‌లో 17 మంది చనిపోయాక ఫ్లోరిడా కమిషన్ 2019 జనవరిలో నివేదిక ఇచ్చింది. అందులో లాక్‌డౌన్ (అందరూ గదుల్లోనే ఉండి తలుపులు తాళం వేసుకోవాలనే) ప్రకటన సమయానికి రాకపోవడం, తలుపు అద్దంలోంచి కనబడకుండా పిల్లలు దాక్కునే మూల చాలా తరగతుల్లో గుర్తు పెట్టి లేకపోవడం వివరంగా ఉన్నాయి. మూడు రాష్ట్రాలు, పదేళ్ల తేడా, అయినా తాళాలు, ప్రకటనలు, తాళంచెవులే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. సన్నద్ధత అంటే ఏ ప్రమాదమూ లేని మామూలు మంగళవారం నాడు ఆ స్కూల్లో జరిగే పని అని నాకు అప్పుడు అర్థమైంది. పేపర్‌కి ప్రశ్న కూడా అక్కడే దొరికింది: టెక్సస్‌లో ఒక మధ్యస్థ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) తలుపుల తనిఖీ, తాళాల రిపేరు ఎవరి బాధ్యత చెయ్యాలి, ఎన్ని రోజుల్లో అవ్వాలి, ఎంత ఖర్చవుతుంది?

మీరు తలుపులే తీసుకోనక్కర్లేదు. కానీ మీ ప్రశ్నలో ఒక స్థలం, ఒక నిర్ణయం తీసుకునే మనిషి, ఒక పని ఉండాలి.

లెక్కల గురించి అడిగారు. ఎఫ్‌బీఐ, వాషింగ్టన్ పోస్ట్, ఎవ్రీటౌన్, కే-12 స్కూల్ షూటింగ్ డేటాబేస్ ఒక్కొక్కరిదీ ఒక్కో అంకె. ఒకరు స్కూల్ సమయంలో జరిగిన కాల్పులే లెక్కిస్తారు. ఇంకొకరు రాత్రిపూట పార్కింగ్‌లో తుపాకీ బయటికి తీసినా లెక్కిస్తారు. అందరూ తమ నిర్వచనం ప్రకారం సరిగ్గానే చెప్తున్నారు. 2018లో ఎన్‌పీఆర్ రేడియో చేసిన పరిశీలన తప్పకుండా చదవండి. 2015-16 సంవత్సరంలో దాదాపు 240 స్కూళ్లలో కాల్పుల ఘటనలు జరిగాయని కేంద్ర విద్యాశాఖ సర్వే చెప్పింది. ఎన్‌పీఆర్ వాళ్లు ఆ స్కూళ్లను సంప్రదించి అడిగితే 11 మాత్రమే నిర్ధారణ అయ్యాయి. మిగతా వాటిలో ఫారం తప్పుగా నింపినవి కూడా ఉన్నాయి. అందుకే మొదటి రెండు పేజీల్లోనే మీ నిర్వచనం రాసి, దానికి సరిపోయే ఒక్క డేటాబేస్‌నే చివరిదాకా వాడండి. రెండు మూడు కలిపారంటే డిఫెన్స్ రోజు, అంటే ప్రొఫెసర్ల ముందు పేపర్‌ను సమర్థించుకునే రోజు, మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది. నాకు వచ్చింది.

డ్రిల్స్ మీద రాద్దామనుకుంటే జాగ్రత్తగా రాయాలి. 2019 జనవరిలో ఇండియానాలోని మాంటిసెల్లోలో ట్రైనింగ్ పేరుతో ఎలిమెంటరీ టీచర్లను గోడవైపు మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్లాస్టిక్ గుళ్లతో కాల్చారు. ఒంటి మీద దెబ్బలు తేలాయి. జార్జియా టెక్ పరిశోధకులు ఎవ్రీటౌన్‌తో కలిసి 33 రాష్ట్రాల్లో 114 స్కూళ్ల చుట్టుపక్కల సోషల్ మీడియా పోస్టులు పరిశీలించారు. డ్రిల్ తర్వాత డిప్రెషన్ సూచనలు 39 శాతం, ఒత్తిడి, ఆందోళన 42 శాతం పెరిగాయని తేలింది. అయితే ఎవ్రీటౌన్ తుపాకీ నియంత్రణ కోరే సంస్థ అని, పోస్టులు రాసినవాళ్లలో పెద్దవాళ్లూ ఉన్నారని మీ పేపర్‌లో చెప్పాలి. అంతమాత్రాన డ్రిల్స్ వద్దని కాదు. నటించే దుండగుడు, తుపాకీ శబ్దాలు లేకుండా తలుపు తాళం వెయ్యడం, లైటు ఆర్పడం, కనబడకుండా నిశ్శబ్దంగా కూర్చోవడం నేర్పితే చాలు. మా పాప స్కూల్లో అలాగే చేస్తారు. మొదటిసారి డ్రిల్ అయిన రోజు ఇంటికొచ్చి, "అమ్మా, నేను అసలు మాట్లాడలేదు, టీచర్ నాకు స్టిక్కర్ ఇచ్చారు" అని చూపించింది. ఆ స్టిక్కర్ నా ల్యాప్‌టాప్ మీదే ఉంది.

సాయుధ గార్డుల విషయంలో మీ సొంత అభిప్రాయం ముందే రాయకండి. 2021లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం 1980 నుంచి 2019 వరకు 133 ఘటనలు చూసి, సాయుధ గార్డు ఉన్న చోట మరణాల రేటు 2.83 రెట్లు ఎక్కువ అని చెప్పింది. దాని అర్థం గార్డు వల్ల మరణాలు పెరిగాయని కాదు, గార్డు ఉంటే తగ్గుతాయన్న నమ్మకానికి ఆ డేటాలో ఆధారం దొరకలేదని మాత్రమే. మరోవైపు 2023లో టెక్సస్ చట్టం హౌస్ బిల్లు 3 ప్రతి క్యాంపస్‌కు సాయుధ అధికారిని తప్పనిసరి చేస్తూ, అప్పట్లో క్యాంపస్‌కు 15,000 డాలర్లు, విద్యార్థికి 10 డాలర్లు ఇచ్చింది. ఒక అధికారి ఏడాది జీతానికి ఆ 15,000 ఏ మూలకూ వచ్చేవి కావు. మిగతా డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఏది ఆగిపోతుంది అనేది ఒక్కటే మంచి పేపర్ అవుతుంది.

నివారణ వైపు వెళ్లాలనుకుంటే సీక్రెట్ సర్వీస్ (అమెరికా అధ్యక్షుడి భద్రత చూసే సంస్థ) 2019 నివేదిక చాలు. 2008 నుంచి 2017 వరకు 41 దాడులు పరిశీలించింది. తుపాకీ వాడినవాళ్లలో నాలుగింట మూడు వంతులకు పైగా దాన్ని తల్లిదండ్రుల ఇంటి నుంచో దగ్గరి బంధువుల ఇంటి నుంచో తెచ్చుకున్నారు. 2021లో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో నలుగురు విద్యార్థులు చనిపోయిన కేసులో, కాల్చిన అబ్బాయి తల్లిదండ్రులిద్దరికీ 2024లో శిక్ష పడింది.

మన వాళ్లకు సంబంధించిన ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నా పేపర్‌లో బాగా మెచ్చుకున్న భాగం అదే. ఒక రోజు స్కూల్ బయట ఏదో గొడవ వల్ల 'సెక్యూర్' ప్రకటించారు. అంటే బయటి తలుపులకు తాళం, లోపల పాఠాలు మామూలే. పాపను తీసుకురావడానికి మా అత్తగారు వెళ్లారు. అప్పటికి ఆవిడ అమెరికా వచ్చి నెల. గేటు మూసి, పోలీసు కారు కనిపించేసరికి ఆవిడకి కాళ్లూ చేతులూ ఆడలేదు. తీరా పిల్లల్ని వదిలేటప్పుడు, పాపను తీసుకెళ్లేవాళ్ల జాబితాలో ఆవిడ పేరు లేదని పంపించలేదు. తప్పు మాదే, పేరు మేం రాయించలేదు. నిజంగా ఘోరం జరిగితే పిల్లల్ని తల్లిదండ్రులకు అప్పగించే ప్రక్రియ ఇంకా కఠినంగా ఉంటుంది. తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు పిల్లల్ని తీసుకొచ్చే ఇళ్లు మన వాళ్లలో ఎన్నో. అందుకే ప్రత్యామ్నాయాలను తూచే ప్రమాణాల్లో ఖర్చు, ఫలితం, అమలు సాధ్యతతో పాటు 'ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు ఇది అర్థమవుతుందా, వీల్‌చెయిర్‌లో ఉన్న పిల్లాడికి ఇది పనిచేస్తుందా' అన్నది కూడా పెట్టాను. ఫైర్ కోడ్ కూడా మర్చిపోవద్దు. లోపలున్నవాళ్లు తాళంచెవి లేకుండా తలుపు తీసుకోగలగాలి. అమెజాన్‌లో అమ్మే అడ్డుకమ్మీలు చాలాచోట్ల ఆ నిబంధన దగ్గరే ఆగిపోతాయి.

టీచర్లను ఇంటర్వ్యూ చేస్తే మీ యూనివర్సిటీ ఐఆర్‌బీ (మనుషులతో చేసే పరిశోధనను పరిశీలించే కమిటీ) అనుమతి ముందే తీసుకోండి. పిల్లల జోలికి వెళ్లకండి, ఒక్క సెమిస్టర్‌లో ఆ అనుమతి రావడం కష్టం. నేను ఒక డిస్ట్రిక్ట్‌ను భద్రతా ప్రణాళిక ఇమ్మని అడిగితే రహస్యం అని ఇవ్వలేదు. అప్పుడు కోపం వచ్చింది, తర్వాత అది సరైనదే అనిపించింది. మీకు ఏ స్కూల్లోనైనా తాళం పడని తలుపు కనిపిస్తే పేపర్‌లో ఆ స్కూల్ పేరు రాయకండి, ప్రిన్సిపాల్‌కు చెప్పండి. కాల్చినవాళ్ల పేర్లు కూడా రాయకండి. నా పేపర్‌లో ఒక్కటి కూడా లేదు, ఎక్కడా అవసరం పడలేదు.

తలుపుల గురించి నేను రాసిన సిఫార్సుల్లో ఒకటి, బయటి తలుపులన్నీ వారానికి ఒకసారైనా తనిఖీ చెయ్యాలని. 2023 నుంచి టెక్సస్ విద్యాశాఖ నిబంధనల్లోనూ అది ఉంది. నా పేపర్ వల్ల కాదు, యువాల్డే తల్లిదండ్రుల వల్ల.

ఇక నిద్ర సంగతి. ఈ నివేదికలు పగలే చదవండి. రాత్రి భోజనం తర్వాత ముట్టుకోకండి. యువాల్డే స్కూల్ కారిడార్ వీడియో, 911 (అత్యవసర నంబరు) కాల్స్ నేను పూర్తిగా విన్నాను, చూశాను. పేపర్‌లో వాటి నుంచి ఒక్క వాక్యం కూడా వాడలేదు. నిమిషాలతో సహా కాలక్రమమంతా నివేదికలోనే రాసి ఉంది, మీకు అది చాలు. ప్రశ్న ఒక్క వాక్యంలో కుదిరాక ఇక్కడే రాయండి, చదివి చెప్తాను.